కోడ్‌కు ఒక లైసెన్స్, రూల్స్‌కు ఇంకొకటి: ఓపెన్ సోర్స్ భద్రతా సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్‌లో చిక్కులు

ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును తన కంప్యూటర్లో నడుపుకునేవారికి లైసెన్స్‌తో పెద్దగా పని పడదు. జీపీఎల్ మొదలుకొని బీఎస్‌డీ దాకా దాదాపు అన్ని లైసెన్సులూ వాడకాన్ని స్వేచ్ఛగా వదిలేస్తాయి. కాపీ తీసి ఇంకొకరికి ఇచ్చినప్పుడే షరతులు మొదలవుతాయి. ఆ ఇచ్చే పని మెయింటెయినర్లది. డెబియన్, ఫెడోరా, కాలీ వంటి లైనక్స్ పంపిణీల (డిస్ట్రోల) కోసం సోర్స్ కోడ్ తెచ్చి, అవసరమైన ప్యాచ్‌లు వేసి, కంపైల్ చేసి, ఒక్క కమాండుతో ఇన్‌స్టాల్ అయ్యే ప్యాకేజీగా మార్చి మిర్రర్ సర్వర్లకు ఎక్కించేది వాళ్లే. చట్టం దృష్టిలో పంపిణీదారు ఆ డిస్ట్రోయే. కోడ్ రాసినవారు తమ లైసెన్స్‌ను తామే ఉల్లంఘించలేరు, వాడుకునేవారికి ఆ అవసరం రాదు. ఇరుక్కునేది మధ్యలో ఉన్నవారే.

భద్రతా సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ ఇరుకు ఎక్కువ. ఈ పరికరాలు దాదాపు అన్నీ ఏదో ఒక క్రిప్టో లైబ్రరీ మీద ఆధారపడతాయి, ఆ లైబ్రరీ లైసెన్స్ వేరుగా ఉంటుంది. రాసినవారిలో చాలామంది అదే పరికరాన్ని కంపెనీలకు అమ్ముకుని బతుకుతారు కనుక లైసెన్స్ పాఠం వ్యాపారం మారినప్పుడల్లా మారుతుంది. పైగా ఈ పరికరాలు డేటా లేకుండా నిరుపయోగం: రూల్స్ లేని చొరబాటు నిఘా వ్యవస్థ, సిగ్నేచర్లు లేని యాంటీవైరస్ ఏమీ పట్టలేవు. ఈ మూడు చిక్కుల్లో మొదటిది ఇరవై ఏళ్లు సాగి దాదాపు తీరింది. రెండోది నలుగుతూనే ఉంది. మూడోది ఇప్పుడు అన్నిటికంటే పెద్దది, కానీ దాని మీద జరిగే చర్చ మాత్రం అన్నిటికంటే తక్కువ.

ఒప్పుకోలుకు కొలబద్దలు

ఏ లైసెన్స్‌ను స్వేచ్ఛా లైసెన్స్‌గా ఒప్పుకోవాలో తేల్చడానికి డెబియన్ 1997లో కొన్ని మార్గదర్శకాలు పెట్టుకుంది. బ్రూస్ పెరెన్స్ ముసాయిదా రాసిన ఆ సూత్రాలనే మరుసటి ఏడాది ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ తన నిర్వచనానికి ఆధారం చేసుకుంది. భద్రతా పరికరాలకు ఎక్కువగా తగిలేవి వాటిలో ఐదోదీ ఆరోదీ. వ్యక్తుల మీద, వర్గాల మీద వివక్ష చూపకూడదన్నది ఐదోది. ఫలానా రంగంలో వాడకూడదని ఆంక్ష పెట్టకూడదన్నది ఆరోది.

పాస్‌వర్డ్ ఛేదించే పరికరం రాసినవారికి దాన్ని చెడ్డపనికి వాడొద్దని చెప్పాలనిపించడం సహజం. ఆ మాట లైసెన్స్‌లోకి ఎక్కితే మాత్రం ఆరో సూత్రం కింద ఆ ప్రోగ్రాము పక్కకు పోతుంది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన జేసన్ కోడ్ లైసెన్స్‌లో దాన్ని మంచికే తప్ప చెడుకు వాడకూడదని ఒక్క వాక్యం చేర్చారు. ఆ వాక్యం వల్లే డెబియన్, ఫెడోరా రెండూ ఆ లైసెన్స్‌ను స్వేచ్ఛా లైసెన్స్ కాదన్నాయి. హైడ్రా అనే లాగిన్ పరీక్షా పరికరం రచయితలు దీన్ని తెలివిగా దాటారు. సైన్యం, గూఢచారి సంస్థలు దీన్ని వాడొద్దని తమ రీడ్‌మీలో కోరుతూనే, అది తమ కోరిక మాత్రమేనని, కట్టుబడి ఉండాల్సిన షరతు కాదని అక్కడే రాశారు. లైసెన్స్ ఏజీపీఎల్‌గానే మిగిలింది, డెబియన్‌కు అభ్యంతరం లేకపోయింది.

డిస్ట్రోల పద్ధతులూ ఒకలా ఉండవు. డెబియన్ ఆర్కైవ్‌లో మెయిన్, కాంట్రిబ్, నాన్-ఫ్రీ అనే విభాగాలున్నాయి. తాను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అయినా పనిచేయడానికి స్వేచ్ఛ లేనిదేదో అవసరమయ్యే ప్యాకేజీ కాంట్రిబ్‌లోకి వెళ్తుంది. ఫెడోరాలో అలాంటి పక్క గదులు లేవు, తీసుకోవడమో వదిలేయడమో అంతే. వదిలేసినవి ఆర్‌పీఎం ఫ్యూజన్ వంటి బయటి భాండారాల్లో దొరుకుతాయి. కాలీ డెబియన్ మీదే నిలబడ్డా దాని లక్ష్యం వేరు, పరీక్షకుల చేతికి పరికరం అందాలి. పంచుకునే అనుమతి ఉంటే చాలు కనుక, సోర్స్ బయటపెట్టని బర్ప్ సూట్ ఉచిత కూర్పు కూడా అందులో ఉంటుంది. ఒకే పరికరం ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడానికి సాంకేతిక కారణాలను వెతకడం చాలాసార్లు దండగ.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వివాదం

ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ రాసిన ఎస్‌ఎస్‌ఎల్ఈఏవై లైబ్రరీ నుంచి 1998 చివర్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పుట్టింది. కొత్త ప్రాజెక్టు తన లైసెన్స్ పెట్టుకుంది, పాత కోడ్‌కు పాతది అలాగే ఉంది, వాడేవారు రెండింటికీ కట్టుబడాలి. రెండింటిలోనూ ప్రకటనల నిబంధన ఉంది: ఈ సాఫ్ట్‌వేర్ లక్షణాల గురించి ప్రచారం చేసే ప్రతి ప్రకటనలోనూ రచయితల పేరు చెప్పాలి. బర్కిలీ విశ్వవిద్యాలయం తన బీఎస్‌డీ లైసెన్స్ నుంచి ఇలాంటి నిబంధననే 1999 జులైలో తీసేసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తీయలేదు. పైగా ఎరిక్ యంగ్ పాఠంలో ఈ కోడ్‌ను ఇంకో లైసెన్స్ కింద, జీపీఎల్ కింద సైతం పెట్టడానికి వీల్లేదని పేరు పెట్టి మరీ రాసి ఉంది.

జీపీఎల్ రెండో కూర్పు ఆరో సెక్షన్ తన షరతులకు మించి ఇంకే ఆంక్షా చేర్చకూడదంటుంది. ప్రకటనల నిబంధన అలాంటి అదనపు ఆంక్షే. కనుక జీపీఎల్ ప్రోగ్రామును ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో లింక్ చేసి ఆ బైనరీని పంచితే రెండింటికీ ఒకేసారి కట్టుబడడం కుదరదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభిప్రాయం. దీనికి జీపీఎల్‌లోనే ఒక సందు ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో మామూలుగా వచ్చే భాగాల సోర్స్ ఇవ్వనక్కర్లేదని అది వెసులుబాటు ఇస్తుంది. ఆ భాగం కూడా ప్రోగ్రాముతో పాటే పంపిణీ అయితే వెసులుబాటు లేదని వెంటనే మెలిక పెడుతుంది. విచిత్రం ఏమిటంటే, విడిగా ప్రోగ్రాము అమ్మే కంపెనీ ఈ సందులోంచి సులువుగా బయటపడుతుంది. ఆపరేటింగ్ సిస్టమునూ ప్రోగ్రామునూ ఒకే ఆర్కైవ్‌లో ఇచ్చే డిస్ట్రోకే అనుమానం మిగులుతుంది.

ఫెడోరా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను సిస్టమ్ లైబ్రరీగానే లెక్కవేసి ముందుకు సాగింది. డెబియన్ మెలికను మెలికలాగే చదివింది. దాని ఫలితం వందల ప్యాకేజీల్లో కనిపించింది. రచయితలను అడిగి లైసెన్స్‌కు మినహాయింపు వాక్యం చేర్పించడం ఒక దారి. వైఫై భద్రతను పరీక్షించే ఎయిర్‌క్రాక్-ఎన్‌జీ వంటి పరికరాల లైసెన్సుల్లో ఆ వాక్యం ఉంటుంది. అయితే మినహాయింపు ఇచ్చే హక్కు కోడ్ రాసిన ప్రతి ఒక్కరిదీ. ఇంకో జీపీఎల్ ప్రాజెక్టు నుంచి నాలుగు ఫైళ్లు తెచ్చుకుని ఉంటే వాళ్ల ఒప్పుకోలూ కావాలి, వాళ్ల ఈమెయిల్ అప్పటికి పనిచేస్తుండాలి. ఇంకో దారి లైబ్రరీనే మార్చడం. గ్నూటీఎల్‌ఎస్ అనే లైబ్రరీ పుట్టడానికి ఈ లైసెన్స్ గొడవే ప్రధాన కారణం. డెబియన్‌లో కర్ల్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఒకటి, గ్నూటీఎల్‌ఎస్‌తో ఒకటిగా వేర్వేరు ప్యాకేజీలుగా రావడం వెనక ఉన్నదీ ఇదే.

లైబ్రరీ మార్పు ఉచితంగా ఏమీ రాలేదు. రెండు క్రిప్టో లైబ్రరీలుంటే రెండింటి బగ్గులూ భరించాలి. పైగా గ్నూటీఎల్‌ఎస్ 3.0 కూర్పు 2011లో ఎల్‌జీపీఎల్ మూడో కూర్పుకు మారింది. అది జీపీఎల్ రెండో కూర్పు మాత్రమే అని రాసుకున్న ప్రోగ్రాములతో కలవదు. దాంతో డెబియన్ 7 పాత 2.12 గ్నూటీఎల్‌ఎస్‌నే ప్రధానంగా మోయాల్సి వచ్చింది. తర్వాత గ్నూటీఎల్‌ఎస్ పాత లైసెన్స్‌కు వెనక్కి తగ్గింది, అయినా దాని అడుగున ఉన్న జీఎంపీ అనే పెద్ద సంఖ్యల లైబ్రరీ 2014లో ఎల్‌జీపీఎల్ మూడో కూర్పు, జీపీఎల్ రెండో కూర్పుల్లో ఏదైనా ఎంచుకోవచ్చని ప్రకటించాక గాని ముడి విడలేదు. లైసెన్స్ భయంతో పాత క్రిప్టోను పట్టుకుని వేలాడడం భద్రతా ప్యాకేజీకి అన్నిటికంటే చేటు. చట్టపరమైన జాగ్రత్తకు కూడా ఒక మూల్యం ఉందన్న సంగతి అప్పటి చర్చల్లో తగినంతగా లెక్కలోకి రాలేదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చివరికి తనే మారింది. అపాచీ 2.0 లైసెన్స్‌కు వెళ్తామని 2017 మార్చిలో ప్రకటించి, కోడ్ ఇచ్చిన దాదాపు 400 మందికి అనుమతి కోరుతూ ఉత్తరాలు పంపింది. జవాబు రాకపోతే అభ్యంతరం లేదని అనుకుంటామని అందులో రాయడం దుమారం రేపింది. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే పద్ధతి కాపీరైట్ చట్టంలో లేదన్న విమర్శ న్యాయమైనదే. 2021 సెప్టెంబరులో వచ్చిన 3.0 కూర్పుతో కొత్త లైసెన్స్ అమల్లోకి వచ్చింది. అంతకు ముందే, 2020లో, డెబియన్ కూడా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను సిస్టమ్ లైబ్రరీగా చూడడానికి ఒప్పుకుంది. అపాచీ 2.0 జీపీఎల్ మూడో కూర్పుతో కలుస్తుంది, రెండోదానితో కలవదు. రెండో కూర్పు మాత్రమే అని రాసుకున్న ప్రోగ్రాములకు సిస్టమ్ లైబ్రరీ వాదనే ఇప్పటికీ ఆధారం.

ఆ పాత లైసెన్స్ ఇంకో దారిలో తిరిగొచ్చింది. రస్ట్ భాషలో విస్తారంగా వాడే రింగ్ అనే క్రిప్టో లైబ్రరీలో గూగుల్ వారి బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ ద్వారా వచ్చిన పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్ ఉంది, చాలాకాలం దానికి పాత షరతులే వర్తించాయి. రస్ట్ ప్రోగ్రాములు సాధారణంగా అన్నిటినీ ఒకే బైనరీలోకి స్టాటిక్‌గా కలుపుకుంటాయి. అక్కడ సిస్టమ్ లైబ్రరీ వాదన నిలబడదు.

పేటెంట్ల గురించి ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు, వాటిలో చాలావరకు గడువు తీరిపోయాయి. అమెరికాలో ఆర్‌ఎస్‌ఏ పేటెంట్ 2000 సెప్టెంబరులో ముగిసింది. ఐడియా సైఫర్ పేటెంట్లు 2012 దాకా ఉండడంతో అప్పటిదాకా గ్నూపీజీ దాన్ని తనలో చేర్చుకోలేదు. లైసెన్స్ ఎంత స్వేచ్ఛగా ఉన్నా పేటెంట్ భయం ప్యాకేజీని ఎలా కోస్తుందో చెప్పడానికి ఫెడోరా ఉదాహరణ ఒక్కటి సరిపోతుంది. ఎలిప్టిక్ కర్వ్ క్రిప్టోను 2013 అక్టోబరు దాకా ఫెడోరా తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోంచి తీసేసే ఇచ్చింది. కంపైల్ చేసేటప్పుడు ఆపేస్తే సరిపోదు, సోర్స్ పంచడం కూడా పంపిణీయే. అందుకే అసలు సోర్స్ కట్టలోంచే ఆ ఫైళ్లను కత్తిరించి, ఆ కట్ట పేరులోనే కుంటిదని అర్థం వచ్చే మాట చేర్చారు. అదే కాలంలో డెబియన్ ఆ కోడ్‌ను పూర్తిగా పంచుతూనే ఉంది.

మారే లైసెన్సులు

భద్రతా పరికరాల చరిత్రలో లైసెన్స్ బిగించడం, వెంటనే ఇంకెవరో పాత కోడ్‌తో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టడం పదే పదే కనిపించే కథ. టాటు యులోనెన్ 1995లో విడుదల చేసిన ఎస్‌ఎస్‌హెచ్ లైసెన్స్ కూర్పు కూర్పుకూ బిగుస్తూ పోయింది. స్వేచ్ఛగా ఉన్న చివరి కూర్పు 1.2.12 నుంచి వచ్చిన కోడ్ మీద ఓపెన్‌బీఎస్‌డీ జట్టు 1999లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను నిలబెట్టింది. 2001లో ఐపీఫిల్టర్ అనే ఫైర్‌వాల్ రచయిత డారెన్ రీడ్, మార్చిన కోడ్‌ను పంచడానికి తన లైసెన్స్ అనుమతించదని వివరణ ఇచ్చారు. ఓపెన్‌బీఎస్‌డీ దాన్ని తీసేసి ఆ ఏడాదే పీఎఫ్ ఫైర్‌వాల్ తెచ్చింది. నెసస్ స్కానర్ 2005లో మూడో కూర్పుతో మూతపడింది. బయటివారు కోడ్ ఇవ్వకపోగా పోటీదారులు వాడుకుంటున్నారన్నది దాని యజమానుల ఫిర్యాదు. జీపీఎల్‌లో మిగిలిన రెండో కూర్పు నుంచి ఓపెన్‌వాస్ పుట్టింది.

డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసే ట్రూక్రిప్ట్‌ది ఇంకో రకం. సోర్స్ అందరికీ కనిపించేది, కోట్ల రూపాయల విలువైన డేటా దాన్ని నమ్ముకుని ఉండేది, కానీ దాని లైసెన్స్ ఎవరో న్యాయవాది సాయం లేకుండా సొంతంగా అల్లినట్టు ఉండేది. 2008లో పరిశీలించిన ఫెడోరా దాన్ని స్వేచ్ఛ లేనిదిగానే కాక, షరతులన్నీ పాటించినా దావా నుంచి రక్షణ దొరుకుతుందన్న భరోసా లేనిదిగా తేల్చింది. డెబియన్ కూడా తీసుకోలేదు. 2014 మేలో ట్రూక్రిప్ట్ రచయితలు ఉన్నట్టుండి తప్పుకున్నారు. వారసుడైన వెరాక్రిప్ట్ కొత్త కోడ్‌కు అపాచీ 2.0 పెట్టుకున్నా, వారసత్వంగా వచ్చిన భాగాలకు పాత ట్రూక్రిప్ట్ లైసెన్సే అంటుకుని ఉంది. అనుమతి ఇవ్వగల రచయితలు ఎవరో లోకానికి తెలియదు కనుక దాన్ని విడదీసే దారి లేదు. డిస్ట్రోలు దీన్ని చుట్టు తిరిగి పరిష్కరించుకున్నాయి. క్రిప్ట్‌సెటప్ 2013లో తన 1.6 కూర్పుతో ట్రూక్రిప్ట్ డిస్కులను తెరిచే సొంత కోడ్ చేర్చింది. ఫార్మాట్‌కు కాపీరైట్ ఉండదు, దాన్ని అమలుచేసే కోడ్‌కే ఉంటుంది.

ఎన్‌మ్యాప్ విషయంలో ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది. గోర్డన్ లయన్ 1997లో విడుదల చేసిన ఈ నెట్‌వర్క్ స్కానర్ జీపీఎల్ రెండో కూర్పు కిందే ఉండేది, కాకపోతే ఉత్పన్న కృతి అంటే ఏమిటో రచయిత తన సొంత వ్యాఖ్య జోడించారు. ఎన్‌మ్యాప్‌ను నడిపి దాని ఫలితాలను చదువుకుని పనిచేసే ప్రోగ్రామునూ, దాని ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తుల డేటాబేసును చదివే ప్రోగ్రామునూ ఆ వ్యాఖ్య ఉత్పన్న కృతులుగానే లెక్కిస్తుంది. మామూలు అవగాహనలో ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని కమాండుగా పిలిస్తే అవి రెండు వేర్వేరు కృతులు. ఆ అవగాహన మీదే డిస్ట్రోల కట్టడమంతా నిలబడి ఉంది. 2020 అక్టోబరులో 7.90 కూర్పుతో ఈ వ్యాఖ్యలన్నీ కలిపి ఎన్‌మ్యాప్ పబ్లిక్ సోర్స్ లైసెన్స్‌గా మారాయి. యాజమాన్య సాఫ్ట్‌వేర్ కంపెనీల మీద ఆంక్ష ఉందంటూ ఫెడోరా దాని తొలి పాఠాన్ని తిరస్కరించింది. తర్వాత పాఠం కొన్నిసార్లు మారింది. డెబియన్ 11లో ఉన్న ప్యాకేజీ వెర్షన్ పేరే ఆ సందిగ్ధాన్ని చెబుతుంది. అంకె 7.91 అని మొదలై, నిజానికి 7.80 అని మధ్యలో ఒప్పుకుంటుంది. కొత్తది ఎక్కించి, లైసెన్స్ చూసి వెనక్కి తెచ్చుకున్న గుర్తు అది. డెబియన్ 12లో 7.93 మెయిన్ విభాగంలోనే వచ్చింది.

విండోస్ మీద నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టే, ఈ కుటుంబానికే చెందిన ఎన్‌పీక్యాప్ లైసెన్స్ ఇంకా కఠినం. ఉచిత కూర్పు ఐదు కంప్యూటర్లకే, తిరిగి పంచాలంటే విడిగా ఒప్పందం కావాలి. జీపీఎల్‌లో ఉన్న ప్యాకెట్ విశ్లేషణ పరికరం వైర్‌షార్క్ తన విండోస్ ఇన్‌స్టాలర్లో దాన్ని ఇవ్వగలుగుతోందంటే ప్రత్యేక అనుమతి వల్లే. వైర్‌షార్క్ కోడ్ తీసుకుని కొత్త ఇన్‌స్టాలర్ కట్టేవారికి ఆ అనుమతి దానంతటదే రాదు.

ఈ దశాబ్దంలో వచ్చిన మార్పులు మరింత నేరుగా ఉన్నాయి. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో 7.11 కూర్పుతో అపాచీ లైసెన్స్ వదిలింది. లాగ్ విశ్లేషణకు దాన్నే వెన్నెముకగా పెట్టుకున్న భద్రతా వేదికలు దారులు మార్చుకున్నాయి. వాజూ 2022లో ఓపెన్‌సెర్చ్ ఆధారంగా సొంత ఇండెక్సర్‌కు మళ్లింది, సెక్యూరిటీ ఆనియన్ 2.4 తానే ఎలాస్టిక్ లైసెన్స్ రెండో కూర్పు కిందికి వెళ్లింది. రహస్య కీలను దాచే వాల్ట్‌ను హాషికార్ప్ 2023 ఆగస్టులో బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు మార్చగా, లైనక్స్ ఫౌండేషన్ నీడన ఓపెన్‌బావో మొదలైంది. ఇలాంటి లైసెన్సులు పోటీ వ్యాపారంలో వాడొద్దంటాయి కనుక మెయింటెయినర్‌కు నిర్ణయం సులువే, తీసేయాలి. కష్టం వాడుకదారులది: పాత కూర్పుకు భద్రతా సవరణలు ఆగిపోతాయి. కొత్త కూర్పులో వచ్చిన సవరణను పాతదానికి అతికించడానికి కూడా వీలుండదు, ఆ సవరణ కొత్త లైసెన్స్ కింద ఉంటుంది కాబట్టి.

జీపీఎల్‌ను వదలకుండానే తలుపు మూసిన సందర్భం గ్రెసెక్యూరిటీ. లైనక్స్ కెర్నెల్‌ను గట్టిపరిచే ఈ ప్యాచ్‌లను 2017 ఏప్రిల్ నుంచి చందాదారులకే ఇస్తున్నారు. వాటిని బయట పంచితే తర్వాతి కూర్పులు ఇవ్వబోమన్నది ఒప్పందంలో మాట. ఇది జీపీఎల్‌కు విరుద్ధమని బ్రూస్ పెరెన్స్ రాశారు, కంపెనీ పరువునష్టం దావా వేసింది. పెరెన్స్ మాట అభిప్రాయం కిందికే వస్తుందని కోర్టు కొట్టేసింది, అప్పీలు కోర్టు 2020లో దాన్నే ఖాయం చేసింది. అలాంటి ఒప్పందం జీపీఎల్‌కు ఆమోదమా కాదా అన్నది మాత్రం ఆ తీర్పులు తేల్చలేదు. డిస్ట్రోలు తీర్పు కోసం ఆగలేదు. జెంటూ తన హార్డెన్డ్ కెర్నెల్ ప్యాకేజీని 2017లోనే తీసేసింది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే. ట్రేడ్‌మార్క్ కోడ్ లైసెన్స్‌తో పాటు రాదు. ఈథీరియల్ రచయిత జెరాల్డ్ కూంబ్స్ 2006లో ఉద్యోగం మారినప్పుడు జీపీఎల్ కోడ్ ఆయనతో వచ్చింది, ఆ పేరు రాలేదు, అలా వైర్‌షార్క్ అయింది. ఆర్‌పీఎం ఫ్యూజన్‌లో ట్రూక్రిప్ట్ రియల్‌క్రిప్ట్ పేరుతో ఉండేది. డిస్ట్రో ప్యాచ్‌లు వేసిన ప్రోగ్రాము పాత పేరుతోనే ఉండవచ్చా అన్నది ప్రతి ప్రాజెక్టుకూ విడిగా చూసుకోవాల్సిందే.

రూల్స్, సిగ్నేచర్లు, జాబితాలు

చొరబాటు నిఘా వ్యవస్థ అయిన స్నార్ట్ ఇంజన్ జీపీఎల్. దాన్ని నడిపే రూల్స్ కూడా మొదట్లో జీపీఎలే. 2005 మార్చిలో స్నార్ట్ వెనకున్న సోర్స్‌ఫైర్ కంపెనీ తమ బృందం రాసే కొత్త రూల్స్‌ను వేరే లైసెన్స్ కిందికి మార్చింది. చందా కట్టినవారికి వెంటనే, పేరు నమోదు చేసుకున్నవారికి కొన్ని రోజుల తర్వాత, తిరిగి పంచడం ఎవరికీ కుదరదు. ఆ ఒక్క నిర్ణయంతో డిస్ట్రోలలోని స్నార్ట్ ప్యాకేజీ ఖాళీ తుపాకీ అయింది. చట్టబద్ధంగా ఇవ్వగలిగినవి పాత జీపీఎల్ రూల్స్, ఆ తర్వాత వచ్చిన కమ్యూనిటీ రూల్స్ మాత్రమే. పాత దాడులను పట్టే పాత రూల్స్‌తో ఉన్న ప్యాకేజీ, ఏమీ లేనిదానికంటే ప్రమాదకరమని వాదించడానికి చోటుంది, కాపలా ఉందన్న భ్రమ కలిగిస్తుంది గనుక.

ఎమర్జింగ్ థ్రెట్స్ ఉచిత రూల్స్ ఈ ఖాళీని చాలావరకు పూడ్చాయి. వాటిలోనూ ఒక పొర ఉంది. సొంతంగా రాసినవి బీఎస్‌డీ కింద, స్నార్ట్ నుంచి వారసత్వంగా వచ్చినవి జీపీఎల్ కింద ఉంటాయి. రెండో రకానికి 2100000తో మొదలయ్యే వేరే సంఖ్యల వరుస కేటాయించి, హెచ్చరిక సందేశం మొదట్లోనే జీపీఎల్ అని ముద్ర వేశారు. ఒకే ఫైలులో రెండు లైసెన్సులు పక్కపక్కన వరుసల్లో ఉన్నప్పుడు వాటిని విడదీయగలిగే ఇంత చక్కటి ఏర్పాటు ఇంకోచోట కనబడడం అరుదు.

క్లామ్‌ఏవీ అనే యాంటీవైరస్‌లో చిక్కు డేటాలో కంటే దాని పక్కనున్న కోడ్‌లో ఉంది. రార్ ఫైళ్లను విప్పే కోడ్ లైసెన్స్, దాని సాయంతో రార్ కుదింపు పద్ధతిని తిరిగి తయారుచేయకూడదంటుంది. అది ఆరో సూత్రానికి అడ్డం. క్లామ్‌ఏవీ ఆ భాగాన్ని అవసరమైనప్పుడు మాత్రమే పిలిచే విడి లైబ్రరీగా పెట్టుకుంది, డెబియన్ ఆ లైబ్రరీని నాన్-ఫ్రీ విభాగానికి పంపింది. డెబియన్‌లో క్లామ్‌ఏవీ మాత్రమే పెట్టుకున్న మెయిల్ సర్వర్ రార్ జోడింపులను విప్పి చూడలేదు. ఆ సంగతి ఎంతమంది నిర్వాహకులకు తెలుసో అనుమానమే.

లాగ్‌లలో దాడుల ఆనవాళ్లు వెతికే సిగ్మా రూల్స్‌కు వాడే డిటెక్షన్ రూల్ లైసెన్స్ ఇంకో కొత్త ప్రశ్న తెచ్చింది. రూల్ పంచినప్పుడే కాదు, రూల్‌కు ఏదైనా దొరికి హెచ్చరిక వెలువడినప్పుడు కూడా అందులో రచయిత పేరు నిలపాలి. కోడ్ లైసెన్సులు ప్రోగ్రాము ఇచ్చే ఫలితం జోలికి సాధారణంగా రావు, ఇది వస్తుంది. రూల్స్‌ను ఇంకో ఫార్మాట్‌లోకి మార్చి ఇచ్చే ప్యాకేజీ రచయిత గడిని జారవిడిస్తే షరతు తప్పినట్టే. కోడ్‌లో లోపాలు వెతికే సెమ్‌గ్రెప్ 2024 డిసెంబరులో తన రూల్స్‌ను సంస్థ లోపలి వాడకానికే పరిమితం చేసింది. మరుసటి నెలలోనే పోటీ కంపెనీలు కలిసి ఓపెన్‌గ్రెప్ ప్రకటించాయి. ఇక్కడ ఇంజన్ లైసెన్స్ ఎల్‌జీపీఎల్‌గానే ఉంది. లైసెన్స్ ఫైలు చూసి ప్యాకేజీ కట్టినవారికి మార్పు కనబడదు.

ఐపీ చిరునామా ఏ దేశానిదో చెప్పే మ్యాక్స్‌మైండ్ జియోలైట్2 డేటాబేసు 2019 డిసెంబరు 30 దాకా క్రియేటివ్ కామన్స్ కింద ఎవరైనా పంచుకోగలిగేదిగా ఉండేది. వ్యక్తిగత సమాచార చట్టాల కారణం చూపి కంపెనీ దాన్ని ఖాతా, కీ ఉన్నవారికే ఇవ్వడం మొదలుపెట్టింది. ఫైర్‌వాల్ నుంచి లాగ్ విశ్లేషణ దాకా దాన్ని లోపల పెట్టుకుని ఇచ్చిన ప్యాకేజీలన్నీ పాత ఫైలుతో మిగలడమో, వాడుకదారే కీ తెచ్చుకునేలా మారడమో జరిగింది.

లైసెన్సే లేని డేటా ఇంకో తలనొప్పి. లైసెన్స్ పెట్టని కోడ్ స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు, బెర్న్ ఒప్పందం ప్రకారం హక్కులన్నీ రచయితవే. దాడిని నిరూపించే చిన్న స్క్రిప్టులు చాలావరకు ఈ స్థితిలోనే తిరుగుతుంటాయి. డేనియల్ బెర్న్‌స్టైన్ రాసిన మెయిల్ సర్వర్ క్యూమెయిల్ కూడా 2007 దాకా ఇలాగే ఉండి, తర్వాత గాని పబ్లిక్ డొమైన్‌లోకి రాలేదు. కాలీలో దొరికే రాక్‌యూ జాబితా పుట్టుక మరీ వేరు: 2009లో ఒక కంపెనీ నుంచి లీకైన పాస్‌వర్డులవి. విడి పాస్‌వర్డుకు కాపీరైట్ ఉందని ఎవరూ అనరు, కానీ దొంగతనంతో బయటికొచ్చిన జాబితాను పంచడం కాపీరైట్ కొలబద్దతో తేలే ప్రశ్న కాదు.

మెయింటెయినర్లు చేసే పని

డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకీ కాపీరైట్ అనే ఫైలు ఉంటుంది. ఏ ఫైలు ఎవరిది, ఏ లైసెన్స్ కింద ఉన్నదీ అందులో రాయాలి. కొత్త ప్యాకేజీ వస్తే ఆర్కైవ్ నిర్వాహకులు దాన్ని సోర్స్‌తో పోల్చి చూశాకే లోపలికి రానిస్తారు. భద్రతా పరికరాల్లో దొరికిపోయేవి ఎక్కువగా మూలల్లో ఉంటాయి: పరీక్షల ఫోల్డరులో నిజమైన మాల్‌వేర్ నమూనా, డాక్యుమెంటేషన్‌లో అతికించిన ఆర్‌ఎఫ్‌సీ పాఠం, ఎక్కడినుంచో తెచ్చిన రార్ కోడ్. పనికిరానివి తీసేసి సోర్స్‌ను మళ్లీ కట్టినప్పుడు వెర్షన్ అంకెకు మార్గదర్శకాల పొట్టి పేరు తగిలిస్తారు. ఫెడోరా 2022 నుంచి లైసెన్స్ పేర్లను ఎస్‌పీడీఎక్స్ ప్రామాణిక గుర్తులతో రాయడానికి మారింది. ఆ ప్రమాణమే 2021లో ఐఎస్ఓ 5962 అయింది. యంత్రాలు చదవగలిగే ఈ గుర్తులు చాలా శ్రమ తగ్గించాయి, కానీ ఉత్పన్న కృతి ఏది అన్న ప్రశ్నకు అవి జవాబివ్వవు.

పంచలేని డేటాకు రాజీ మార్గం, ప్యాకేజీలో డౌన్‌లోడ్ స్క్రిప్టు మాత్రమే ఇవ్వడం. స్నార్ట్ లాంటి చొరబాటు నిఘా వ్యవస్థ సూరికాటాతో వచ్చే సూరికాటా-అప్‌డేట్, క్లామ్‌ఏవీ ఫ్రెష్‌క్లామ్ ఇలా పనిచేసేవే. డిస్ట్రో ఏమీ పంచినట్టు కాదు, షరతులు వాడుకదారుకూ మూలానికీ మధ్యే ఉంటాయి. చట్టపరంగా ఇది శుభ్రమైన ఏర్పాటు. వాడుకదారు ఆ షరతులు ఎప్పుడూ చదవడన్నది ఇంకో సంగతి, మూలం మూతపడితే ప్యాకేజీ ఆ రోజుతోనే ఆగిపోతుందన్నది అంతకంటే పెద్ద సంగతి.

కంటెయినర్లు ఈ ఏర్పాటును చెదరగొడుతున్నాయి. సూరికాటాను రూల్స్‌తో, స్కానర్‌ను ఫీడ్‌తో సహా ఒకే ఇమేజ్‌గా కట్టి రిజిస్ట్రీకి ఎక్కించినవారు ఆ క్షణంలో వాటన్నిటికీ పంపిణీదారులవుతారు. వాడుకదారుగా డౌన్‌లోడ్ చేసుకున్న రూల్స్ అక్కడ పంచిన రూల్స్ అయిపోతాయి. లోపలి జీపీఎల్ బైనరీలకు సోర్స్ ఇచ్చే బాధ్యత కూడా వారిదే. అమెరికా ప్రభుత్వం 2021 మేలో ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు 14028 తర్వాత సాఫ్ట్‌వేర్ భాగాల జాబితా జతచేయడం కంపెనీల్లో మామూలైంది. ఆ జాబితాలను తయారుచేసే పరికరాలు ప్రధానంగా ప్యాకేజీ మేనేజర్ రికార్డులను చదువుతాయి. స్క్రిప్టు తెచ్చిపెట్టిన రూల్స్ ఫైలు ఏ ప్యాకేజీకీ చెందదు కనుక, దాని లైసెన్స్ సాధారణంగా ఆ జాబితాకు ఎక్కదు.